సానరాయి, నీరు, పదును
(విశాఖపట్టణ మండల పనివారి పనిముట్ల చరిత్రమునుండి యొక ప్రకరణము)

మన మహాసభల సంచికలయందు గోత్రప్రవరలును, వంశావళులును, దేవాలయములు నిర్మించిన శిల్పుల కీర్తియు తఱచుగ వ్రాయబడుచుండుట పాఠకమహాశయు లెఱిగినదే. అవి యవశ్యములే గాని, మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను అయిదు శాఖలవారికిని ఉమ్మడిసొత్తైన పనిముట్టు నొకదానిని మనము మఱచితిమని మా కెప్పుడును దోచుచుండును. అది సానరాయి. కమ్మరి కొడవలి సాగగొట్టినను, వడ్రంగి బాడిసె పట్టినను, కంచరి పళ్ళెముపై గీత గీచినను, శిల్పి రాతిపై నులి మోపినను, స్వర్ణకారుడు నగపై చెక్కుడుపని చేసినను, దినమున కొకమాఱైనను సానయొద్దకు రాక తీరదు. దానికి పూజలేదు, చరిత్రలేదు. పెరటిలో నూతిప్రక్క పడియుండును. దానింగూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు సంచికా నిర్వాహకులు మా కవకాశ మొసంగిరి.

మొదట పదును అను మాటను విచారింతము. తొలకరి కురిసి నేల దుక్కికి వీలైనంత తడిసినప్పుడు రైతు పదునైనదనును. కాల్చిన యుక్కును నీట ముంచి గట్టిపఱచుటను కమ్మరి పదును పెట్టుట యనును. కత్తి యంచునందలి వాడిమియు పదునే. మూడర్థములకు మాట యొక్కటియే యగుట వింత గాదు. మొదటి రెంటియందును నీరున్నదని చెప్పకయే తెలియును. మూడవదానియందును నీరుండవలెనని మన పూర్వు లెఱిగియుండిరి. మనము నడుమ కొంతకాలము దానిని మఱచితిమి. ఆ మఱపునకు మన యిండ్లలో కొందఱు చెల్లించిన మూల్యమును ముందు చెప్పుదుము.

తెలుగుదేశపు టుక్కు లోకప్రసిద్ధము. నిజామాబాదు మండలమునందలి కోనసముద్రమున మట్టిమూసలలో నినుమును కఱ్ఱబొగ్గుతత్త్వముతో కలిపి కరగించి, మెల్లగ చల్లార్చి ముద్దలు తీయుచుండిరి. పారసీక వర్తకు లా ముద్దలకై యంతదూరమునుండి వచ్చుచుండిరని, ఆ గ్రామమును చూచిన డాక్టరు హెన్రీ వాయిసీ వ్రాసిన వ్యాసమువలన తెలియుచున్నది. ఆయన 1824లో మరణించెను. వ్యాసము 1832లో బంగాళా ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడెను. ఇంగ్లండునందు 1795లో జార్జి పియర్సను మన దేశపు టుక్కును శోధించి రాయల్ సొసైటీవారికి నివేదించెను. జేమ్స్ స్టోడర్టు అను కత్తుల పనివాడు దానితో శస్త్రములు చేసి మెచ్చుకొనెను. అతనితో కూడి మైకేల్ ఫారడే 1820 ప్రాంతమున పరిశోధనలు సలిపెను. ‘వూట్జ్’ అను ఆంగ్లపు మాట మన ‘ఉక్కు’నకు వికృతియేయని పలువురు పండితులు చెప్పుదురు.

అంతటి కఠినమైన యుక్కునకు వాడి తెచ్చుట యెట్లు? సామాన్యపు టిసుకరాయి చాలదు. అందులకే కురువిందము. ఈ రాతిపేరును మన దక్షిణదేశపు భాషలనుండియే పాశ్చాత్యులు గ్రహించి కొరండమనిరి. 1798లో చార్లెస్ గ్రెవిల్ దీనిపై నొక వ్యాసమును రాయల్ సొసైటీవారి గ్రంథమున ప్రకటించెను. కాఠిన్యమును లెక్కించువారి పట్టికయందు వజ్రము 10, కురువిందము 9, ఇసుకలోని పలుగురాయి 7. కురువిందమును దంచి, జల్లించి, ఆ పొడిని లక్కతో కలిపి కాచి చక్రముగ పోసి, ఇరుసున కమర్చి, త్రాటితో నిటునటు లాగి త్రిప్పుట మన దేశమునందలి ప్రాచీనపద్ధతి. ఒకడు త్రాడు లాగగా నొకడు అలుగు పట్టును. రత్నములకు సానపట్టువారును, కత్తులకు మెఱుగుపెట్టువారును దీనినే వాడిరి.

ఇచ్చట మా కొక తలపు తోచుచున్నది. లక్క నీరు మరుగునంత వేడికి పూర్వమే మెత్తబడును. కావున లక్కసానపై పనివాడు తొందరపడి యదిమినచో కత్తి చెడుటకు ముందు సానయే చెడును. సానయే గురువై వానిని నిదానింపజేసెడిది. నేటి గట్టిచక్రముల కీ గుణము లేదు. అవి యెఱ్ఱనైనను తిరుగుచునే యుండును.

మన విశాఖ కొండల రాయి సానకు పనికివచ్చునా యని కొందఱడుగుదురు. ఈ రాతికి ఖోండలైటని పేరు. కొండజాతియగు ఖోందుల పేరిట 1902లో వాకరను భూగర్భశాస్త్రజ్ఞుడు పెట్టినది. ఇందు గార్నెట్టు పలుకులున్నవి. వర్షములకు కొండ కరగి యా పలుకులు సముద్రమున చేరి, భీమునిపట్టణమునుండి విశాఖవఱకు తీరపు టిసుకలో నెఱ్ఱని చారలై కానవచ్చును. గార్నెట్టు ఒఱపిడికి మంచిదే. కఱ్ఱకు రుద్దు కాగితముపై నంటించునదియు, నేడు మిక్కిలి యొత్తిడితో చిమ్ము నీటిధారలో కలిపి యినుపరేకులను కోయుచున్నదియు నిదియే. అయినను కొండరాయిని యథాతథముగ సానగ వాడరాదు. పలుకులొకటి పెద్ద, యొకటి చిన్న, అంచును చీరును. మేము బాల్యమున నొక రాతిముక్క తెచ్చి మా తండ్రిగారి తోపడా యలుగును దానిపై నూరి, అలుగును పాడుచేసి, తగిన మర్యాద పొందితిమి.

విశాఖపట్టణమునకు వాడియైన యులితోడి సంబంధము ఓడరేవుకంటెను, ఉక్కుకర్మాగారముకంటెను ప్రాచీనము. పదునెనిమిదవ శతాబ్దమున నీ పట్టణము పీటలకును, బీరువాలకును, పెట్టెలకును ఏనుగుదంతము పొదుగు పనికి ప్రసిద్ధిచెందెను. 1756లో నిచ్చటికి వచ్చిన మేజరు జాన్ కోర్నీల్ అను సైనికాధికారి ఈ దంతపు పనిని పేర్కొనియున్నాడు. ఆ పని చేసినవారు కంసాలులని చరిత్రకారులు వ్రాయుచున్నారు, అనగా మనవారే. టేకు, చేవమాను మొదలగువానిపై గాడి తీసి దంతపురేకును పొదిగి, రేకుపై సన్నని గీతలతో పూవులును, తీగెలును చెక్కి, గీతలలో నల్లని లక్క నింపుచుండిరి. ఆ వస్తువులు నేడు లండను నగరమునందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందును చూడనగును.

దంతముపై గీయుట యెట్టిదో తెలియగోరువారు మొద్దు ఉలితో నొక కొమ్ముముక్కపై గీచి చూచెదరుగాక. ఉలి జాఱును, జాఱినచోట గీత శాశ్వతము. కఱ్ఱపనియందు తప్పును చిత్రికపట్టి తీయవచ్చును, దంతమున నట్లు కాదు. కావున ఆ పనివాడు గీయుటకంటె నూరుటకే యెక్కువ శ్రద్ధ చూపియుండవలెను. మనకు మిగిలిన పెట్టెలమీది ఒక్కొక్క గీతయు, నేడు కానరాని యొక సానరాతికి సాక్ష్యము. దంతపు వ్యాపారము చట్టముచే నిషేధింపబడినది. ఏనుగుల మేలు కోరువా రెవ్వరును దానికి వగవరు. అయినను ఆ చేతులలోని యోపిక యే దారి పట్టినదని యప్పుడప్పుడు తలపోయుచుందుము. ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి లక్కబొమ్మలు చేయువారి యులులలో కొంత నిలిచియున్నదని చెప్పవచ్చును.

ఇక తిరుగుడుసాన చరిత్రము. పిడిపట్టి త్రిప్పెడు సానచక్రముయొక్క తొలిబొమ్మ ఐరోపాఖండమున సుమారు 830లో వ్రాయబడిన ఉట్రెక్టు కీర్తనల చిత్రగ్రంథమునం దున్నది. అటుపై ఏటినీటి చక్రములు, అటుపై ఆవిరియంత్రములు సానను త్రిప్పినవి. ఇంగ్లండునందలి షెఫీల్డు నగరము కత్తులకు ప్రసిద్ధికెక్కెను. అచ్చటి పనివారిలో కొందఱు తడిసానపైనను, ఫోర్కులు మొదలగునవి చేయువారు పొడిసానపైనను పనిచేయుచుండిరి. పొడిసానయొద్ద ఇసుకరాతిధూళియు, ఉక్కుధూళియు కలిసి గాలిలో నిండును. 1830 ప్రాంతమున ఆర్నాల్డ్ నైట్ అను వైద్యుడు వీరి వ్యాధిని పరిశీలించి, పొడిసానవారి సగటాయుర్దాయము 35 ఏండ్లనంటుట కష్టమనియు, తడిసానవారిది 45 దాటుట యరుదనియు చెప్పెను. నీటివలన పదేండ్ల ప్రాణము కలిసివచ్చిన దన్నమాట. అయితే తడిసానవారును నలువదియైదేండ్లకే యేల పోవలెను? క్రొత్తరాయి నమర్చునప్పుడు దానిని గుండ్రముగ చేయుటకై పొడిగానే చెక్కుచుండిరి. ఆ కొద్దిసేపటి ధూళియే వారి పాలిటి మృత్యువు. ఈ సంగతి మఱువరాదు. ముందు మరల పనికివచ్చును.

ఈ కథ షెఫీల్డుతో ముగిసినచో మే మీ వ్యాసము వ్రాయకుందుము. మా పినతండ్రిగారు పట్టణమునందలి యొక కర్మశాలలో (పేరు చెప్పనొల్లము) ఇరువదిరెండేండ్లు ఇసుకరాతి పొడిసానపై పనిచేసిరి. నీటితొట్టి యుండెడిది గాని, నీరు పోసినచో బురద చిందుననియు, పని మందగించుననియు పైవారు దానిని బోర్లించి యుంచిరి. సాయంకాలమింటికి వచ్చునప్పటికి కనుబొమలు తెల్లబడియుండెడివి. పిల్లలమై మేము నవ్వెడివారము. నలువదేండ్లకు దగ్గు పట్టినది. చుట్టవలన నని కొందఱు, క్షయ యని కొందఱు చెప్పిరి, క్షయకు మందులు వాడిరి, తగ్గలేదు. చివరకొక వైద్యుడు ఛాతీ పటమును వెలుతురున కెత్తి చూచి, మీరేమి పని చేయుదురని యడిగెను. అంతవఱకు నెవ్వరు నా ప్రశ్న వేయలేదు. రాతిధూళి యూపిరితిత్తులలో చేరి గట్టిపడిన సిలికోసిస్ అను వ్యాధి యది. దానికి మందు లేదు. 1948 నాటి కర్మాగారముల చట్టము మూడవ యనుబంధమున నీ వ్యాధిని వైద్యులు ప్రభుత్వమునకు తెలుపవలసినవానిలో చేర్చెను. అయితే మన కొలిమి, నలుగురైదుగురు పనిచేయు మన కొట్టు, అట్టి చట్టముల లెక్కలోనికి రానివి. వానికి మనమే తనిఖీదారులము.

పట్టణమున పెద్దపనులు వచ్చినకొలది పొడిసాన ప్రబలెను. 1933 డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ఓడరేవును లాంఛనముగ ప్రారంభించెను. 1941 జూనులో బాబూ రాజేంద్రప్రసాదుగారు సింధియా కంపెనీవారి యోడలకార్ఖానాకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న ‘జల ఉష’ యను నోడను నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. పల్లెలనుండి మన వడ్రంగులును, కమ్మరులును పనులకై పట్టణమునకు తరలిరి. అటుపిమ్మట 1966 నాటి యుద్యమము, అందు ప్రాణములర్పించినవారి త్యాగము, 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు ఉక్కుకర్మాగారమునకు వేసిన పునాదిరాయి, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము చేయుట — ఇవి మీకు తెలిసినవే, విస్తరింపము.

అమెరికాలో 1891లో ఎడ్వర్డ్ అచిసన్ విద్యుత్కొలిమియందు కార్బోరండమును పుట్టించెను. మదరాసులో 1954లో కార్బోరండమ్ యూనివర్సల్ కంపెనీ యేర్పడి సానచక్రములు స్వదేశమునందు విరివిగ దొరకసాగెను. విద్యుత్తుతో తిరుగు బల్లసాన ప్రతి కొట్టునకును వచ్చినది. పని వేగమైనది, నిజమే. అయితే లెక్క చూడుడు. 150 మిల్లీమీటర్ల చక్రము నిమిషమునకు 2850 చుట్లు తిరిగినచో దాని యంచు క్షణమునకు ఇరువదిరెండు మీటర్లకు పైగా పరువెత్తును. సన్నని కత్తియంచు దానికి తగిలిన రెండుమూడు క్షణములలో రంగు మారును. మన పెద్దలు కొలిమియొద్ద ఈ రంగులను చూచియే పదును తీర్చిరి. సుమారు 230 డిగ్రీలకు ఎండుగడ్డి రంగు, 260కి గోధుమ, 280కి ఊదా, 300కి నీలి. నీలివర్ణము వచ్చినదనగా కాఠిన్యము తగ్గినదని తెలియవలెను. సానయొద్ద నీలిబడిన యంచును తరువాత నీటిలో ముంచిన నేమి లాభము? పోయిన పదును రాదు. ఆ నీలిభాగ మంతయు నరగదీయవలసినదే. ‘నేటి యుక్కు మంచిది కాదు, ఉలి నాలుగుదినములు నిలువదు’ అని మన కుఱ్ఱవాండ్రు నిందించుటను వినుచున్నాము. ఉక్కు దోషము కాదు, సాన దోషము.

సైకిలుమీద చక్రము బిగించుకొని వీథివీథికి వచ్చి కత్తిపీటలకు సానపట్టువారి నెవ్వరును నిందింపరాదు. వారు కాలితో త్రొక్కుటచే వేగ మంతగా లేదు. నిప్పురవ్వలకు పిల్లలు మూగుదురు. ఒక తడిగుడ్డ చేతనుంచుకొను బుద్ధిమంతులు వారిలో లేకపోలేదు.

స్వీడను దేశమున 1973లో టోర్గ్నీ యాన్సన్ అనునాతడు స్థాపించిన టోర్మెక్ కంపెనీ తడిసానను చిన్నయంత్రముగ మార్చి గృహములకును, కొట్లకును అందించెను. దాని పెద్ద యంత్రమునందు 250 మిల్లీమీటర్ల చక్రము నిమిషమునకు 90 చుట్లు మాత్రమే తిరుగును. అంచువేగము క్షణమునకు 1.2 మీటరు లోపుననే. క్రింద నీటితొట్టి, రెండవప్రక్క తోలుచక్రము. చూచినవెంటనే మాకు మా తాతగారి సానయే జ్ఞప్తికి వచ్చెను. ఇప్పు డట్టి యంత్రము లనేకులు చేయుచున్నారు. వెల హెచ్చు, నలుగురు కలిసి కొనదగును. స్థానికముగ నిసుకరాతి చక్రమును, మెల్లని మోటారును, రేకుతొట్టిని కూర్చి చేసికొనినవారిని మే మెఱుగుదుము. అదియు చక్కగనే నడచును.

వాడుకయందు మా యనుభవమును చెప్పెదము. క్రొత్తరాయి దప్పిగొన్న యెద్దువలె నీరు త్రాగును. తొట్టి నింపి, త్రిప్పి, మరల నింపి, అది తృప్తిచెందినపిదప పని మొదలుపెట్టవలెను. తోపడా యలుగునకును ఉలికిని 25 మొదలు 30 డిగ్రీల వాలు, వంటకత్తికి ఒక్కొక్క ప్రక్క 15 మొదలు 20. అలుగును రాతిపై నొకేచోట నుంచక, మగ్గమున నాడె ఆడునట్లు అటునిటు నడుపవలెను. లేనిచో రాయి గాడిపడును. రాయి మనవైపు తిరుగుచుండగా నీరు అలుగుపై కెక్కును. ఆ నీరు అంచు పొడవునను సమముగ దాటి జాఱినచో రాయి యంచును సరిగ తాకినదని గుర్తు. ఆవలివైపున వ్రేలికి సన్నని పొర తగిలినప్పుడు చాలింపవలెను. ఆ పొరను తోలుచక్రముపై తీయవలెను. తోలుపై మాత్రము అంచు ఎదురుగ పెట్టరాదు, తోలు తెగును.

సంరక్షణమునందు మొదటి మాట: పని ముగిసినవెంటనే తొట్టి దింపవలెను. ఇది మా స్వీయాపరాధమువలన నేర్చినది. ఒక పండుగ సంబరమున తొట్టిని దింపక తలుపు మూసి పోతిమి. మూడుదినములు ఇసుకరాయి క్రిందిసగము నీటిలో నానినది, పైసగ మెండినది. తిరిగివచ్చి మీట నొక్కగా రాయి ఒకవైపు బరువై యంత్రమంతయు వణకినది. చేతనున్న యులి ఎగిరి బొటనవ్రేలి మాంసమును కొంత గైకొనెను. వేగము తక్కువ గావున వ్రేలు దక్కినది. అట్లు నానినచోట ఇసుకరాయి మెత్తబడి త్వరగ నరిగి కోడిగ్రుడ్డు వాలు కూడ వచ్చును.

రెండవది తొట్టియడుగు బురద. రాతిపొడియు, ఉక్కుపొడియు కలిసిన యా బురద ఎండినచో సున్నపుగచ్చువలె నంటుకొనును. తడిగ నున్నప్పుడే గీకివేయవలెను. తొట్టివెలుపల నొక అయస్కాంతపుముక్క నుంచినచో ఉక్కుపొడి యచ్చట చేరును. ఆ బురదను ఎండనిచ్చి చీపురుతో నూడ్చుటకంటె అవివేకము లేదు. నీటితో నణచిన ధూళిని మరల గాలిలోని కెత్తుటయే యది. తడిగనే గోనెలో కట్టి పాఱవేయుడు. మురుగుకాలువలో పోసినచో కాలువ మూసికొనును.

మూడవది యిరుసు. విశాఖ సముద్రపుగాలికి సామాన్యమే యినుము త్రుప్పుపట్టును, నీటిచెంత చెప్పనేల! వారమున కొకసారి చక్రమును విప్పి యిరుసునకు కొవ్వునూనె పూయనిచో, కొంతకాలమునకు రాయియు, ఇరుసును ఏకమై సమ్మెటకు కూడ లొంగవు. బలవంతమున కొట్టినచో రాయి పగులును. తుప్పుపట్టని యుక్కుతో చేసిన యిరుసు దొరకినచో వెలకు వెనుదీయవలదు.

నాలుగవది రాయి గుండ్రము తప్పినప్పుడు చెక్కుట. వజ్రపుమొన గల పనిముట్టును కడ్డీపై నానించి, కొద్దికొద్దిగ నడుపవలెను. ఇక్కడనే షెఫీల్డు పనివారు ప్రాణములు పోగొట్టుకొనిరి. తొట్టినిండ నీరుండగానే చెక్కుడు. నీరు తగ్గినచో ఆపి పోయుడు. నేటి కృత్రిమచక్రములలో ఇసుకరాతియం దున్నంత సిలికా లేదు. అయినను ఇసుకరాయి వాడువారు మనలో నింకను గలరు. క్రొత్తచక్రమును కొన్నప్పుడు కఱ్ఱపిడితో మెల్లగ తట్టి వినవలెను. గంటవలె మ్రోగినచో మంచిది, మొద్దుగ పలికినచో లోన పగులున్నది. పంచెకొంగును, పైబట్టను బిగించి కట్టుకొనక నిలువరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. మెల్లగ తిరుగు రాయి గూడ పట్టిన బట్టను విడువదు.

ఉక్కునగరపు కర్మాగారమునందు ఎఱ్ఱనికడ్డీలు ఱోళ్ళనుండి వెలువడుచునే నీటిధారలలోబడి పైపొర గట్టిపడి, లోపలి వేడిమిచే మరల కొంత మెత్తబడి తీరును. మా పినతండ్రిగారు జీవించియుండగా నొకనాడు చుట్టముల పిల్లవా డొకడు ఈ విధానమును వర్ణించి చెప్పగా విని, ‘వారికి నీళ్ళు పోయువా రున్నారు’ అనిరి. అంతకుమించి యా విషయమున ఆయన యెన్నడును మాటాడలేదు.

ఆయన సానరాయి మా పెరటిలో నున్నది. కర్మశాలవారు క్రొత్తది తెచ్చినప్పుడు పాతదానిని ఆయనయే బండిపై వేయించి తెచ్చుకొనిరి. దానికిప్పుడు రేకుతొట్టి అమర్చినాము. ఆదివారములందు వీథిలోని వడ్రంగిపిల్లలు ఉలులు తెచ్చి నూరుకొందురు. ఒక చెంబు నీళ్ళు పోయనిదే రాతిని ముట్టుటకు మా పినతల్లిగారు వారి నొప్పుకొనరు.